సీలియాక్ టెస్టు నుంచి గ్లూటెన్ లేని వంటింటి దాకా: డబ్బు పెట్టి చూసినవాటి మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది ఒక్క వస్తువు మీద రివ్యూ కాదు. సీలియాక్ (గోధుమ లాంటివాటిలో ఉండే గ్లూటెన్ వల్ల చిన్నపేగు దెబ్బతినే జబ్బు) ఉందో లేదో తేల్చుకోవడానికి చేయించుకున్న టెస్టులు, తేలాక కొన్న పిండ్లు, నూడుల్స్, మా కాలనీ పిండిమర, బయట తిన్న హోటళ్లు, అన్నీ కలిపి రాస్తున్నా. తెలుగులో దీని గురించి వెతికితే నాకు దొరికినవన్నీ "గోధుమలు మానండి, పొట్ట తగ్గించుకోండి" బాపతు వీడియోలే. పొట్ట తగ్గించుకోవాలనుకునేవాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు, ఇది మీకోసం కాదు.

నా సంగతి క్లుప్తంగా. ఏళ్ల తరబడి హిమోగ్లోబిన్ తక్కువ. ఐరన్ మాత్రలు మింగితే పెరిగేది కాదు, సెలైన్‌లో ఐరన్ ఎక్కిస్తే పెరిగి మళ్లీ దిగిపోయేది. కడుపుబ్బరం, ఉన్నట్టుండి విరేచనాలు, ఎప్పుడు చూసినా నీరసం. చూపించుకున్న ప్రతిచోటా "ఆడవాళ్లకి ఇవన్నీ మామూలేనమ్మా" అనే మాటే. మా ఆయనకి షుగర్ బయటపడ్డాక ఇంట్లో రాత్రిళ్లు అన్నం మానేసి చపాతీలకి మారాం, ఇప్పుడు సగం తెలుగు ఇళ్లలో జరుగుతున్నదే కదా, ఆయన షుగర్ సంగతేమో గానీ నా కడుపు మాత్రం అప్పట్నుంచి మరీ అధ్వాన్నమైపోయింది.

సీలియాక్ అంటే అలర్జీ కాదు. గోధుమ, బార్లీ, రై (ఆవాలు కాదు, గోధుమ లాంటి ఇంకో ధాన్యం) ఈ మూడింట్లో ఉండే గ్లూటెన్ లోపలికి వెళ్తే మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే తిరగబడి చిన్నపేగు లోపలి పొరని దెబ్బతీస్తుంది. ఆ పొర మీద సన్నటి కేశాల్లా విల్లై అనేవి ఉంటాయి, తిన్నదాన్ని పీల్చుకునేది అవే. అవి అరిగి చదునైపోతే ఇంక ఐరన్ మింగినా, క్యాల్షియం మింగినా ఒంటికి పట్టవు. మన డాక్టర్లకి ఇది చటుక్కున తట్టకపోవడానికి కారణం ఉంది. 2016లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది, ఉత్తరాది, ఈశాన్యం, దక్షిణాది కలిపి 23 వేల మందికి పైగా పెద్దవాళ్లని పరీక్షించారు. ఈ జబ్బు యాంటీబాడీలు ఉన్నవాళ్లు ఉత్తరాదిలో 1.23 శాతం, దక్షిణాదిలో 0.10 శాతం. కానీ ఈ జబ్బుకి దారితీసే జన్యువులు (హెచ్‌ఎల్‌ఏ-డీక్యూ2, డీక్యూ8) మాత్రం అన్నిచోట్లా ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. ఉత్తరాదికీ దక్షిణాదికీ రోజూ తినే గోధుమలో మాత్రం పెద్ద తేడా కనపడింది. అంటే మనకి రాదని కాదు, మనం ఇన్నాళ్లూ అన్నం తిన్నాం కాబట్టి అంతగా రాలేదని నేను అర్థం చేసుకున్నా. ఇప్పుడు పొద్దున బ్రెడ్డు, సాయంత్రం బిస్కెట్టు, రాత్రి చపాతీ. మీరే ఆలోచించుకోండి.

ఇక రివ్యూ. ముందు చెడ్డదానితో మొదలుపెడతా. ఆన్‌లైన్‌లో "ఫుడ్ ఇంటాలరెన్స్ ప్యానెల్" అని అమ్ముతారు, ఒక్క రక్తం శాంపిల్‌తో రెండొందల పైచిలుకు పదార్థాల్లో మీకేది పడదో చెప్పేస్తామంటారు. పదివేల పైనే వదిలింది. రిపోర్టు చూడటానికి మాత్రం భలే ఉంటుంది, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గీతలతో పెళ్లి ఆల్బమంత మందం. అందులో నాకు పడనివి: గుడ్డులో తెల్లసొన, ఆవుపాలు, వంకాయ, జీడిపప్పు, గోధుమ, వేరుశెనగ, ఆఖరికి పసుపు. మా అత్తయ్యగారు ఆ కాగితాలు తిరగేసి "ఇంక గాలి తిని బతకమన్నారా నిన్ను?" అన్నారు. ఈ ప్యానెల్ కొలిచేది తిండి మీద తయారయ్యే ఐజీజీ యాంటీబాడీలని. రోజూ తినే తిండికి అవి ఒంట్లో ఉండటం మామూలు విషయం, తిన్నామనడానికి గుర్తే తప్ప జబ్బుకి గుర్తు కాదు. ఇలాంటి టెస్టులతో తిండి మాన్పించొద్దని యూరప్ అలర్జీ నిపుణుల అకాడమీ 2008లోనే తేల్చి చెప్పింది. సీలియాక్‌ని పట్టుకునే అసలు టెస్టు అంత పెద్ద ప్యానెల్‌లో లేనే లేదు. ఐదుకి సున్నా ఇవ్వాలి, ఫోన్ ఎత్తినమ్మాయి మర్యాదగా మాట్లాడింది కాబట్టి అర.

అడగాల్సిన టెస్టు పేరు టీటీజీ-ఐజీఏ (సీలియాక్ యాంటీబాడీలు రక్తంలో ఉన్నాయా అని చూసేది), దాంతోపాటు టోటల్ ఐజీఏ. ఈ రెండు పేర్లూ కాగితం మీద రాసుకుని వెళ్లండి. రెండూ కలిపినా పై ప్యానెల్ రేటులో నాలుగో వంతు కూడా కాలేదు నాకు. టోటల్ ఐజీఏ ఎందుకంటే, కొంతమందికి ఒంట్లో ఐజీఏ అనే రకం యాంటీబాడీలే సరిగా తయారవవు, వాళ్లకి సీలియాక్ ఉన్నా మొదటి టెస్టు నెగెటివ్ వచ్చేస్తుంది, వాళ్లకి డీజీపీ-ఐజీజీ అని ఇంకోటి చేస్తారు. (పేరులో ఐజీజీ ఉందని కంగారుపడకండి, పైన తిట్టిన దానికీ దీనికీ సంబంధం లేదు.) మా ఇంటి దగ్గర బ్రాంచి ఉన్న ఒక పెద్ద ల్యాబ్‌కి ఫోన్ చేస్తే జరిగింది ఇది:

"మేడం, మీరు చెప్పే టెస్టు సిస్టమ్‌లో కనపడట్లేదండీ. ఫుల్ బాడీ చెకప్ ఆఫర్‌లో ఉంది, తొంభై పారామీటర్లు వస్తాయి."

"అందులో టీటీజీ ఉందా?"

"థైరాయిడ్ ఉంది మేడం."

ఇంకో ల్యాబ్‌కి చేశా. వాళ్లకి తెలుసు. ఇంటికొచ్చి రక్తం తీసిన కుర్రాడు టైముకొచ్చాడు, ఈ టెస్టుకి పరగడుపు అక్కర్లేదని ముందే మెసేజ్ పెట్టారు, నరం ఒక్క పోటుకే దొరికింది. శాంపిల్ వాళ్ల మెయిన్ ల్యాబ్‌కి పంపుతారు కాబట్టి రిపోర్టు అదే రోజు రాదు, అది ముందే చెప్పారు. నాది లిమిట్‌కి పది రెట్ల పైనే వచ్చింది. ఒక్కో కంపెనీ కిట్‌కి ఒక్కో కొలత ఉంటుంది, ఒకరి రిపోర్టులో 20 దాటితే పాజిటివ్, ఇంకొకరి దాంట్లో 10 దాటితేనే. కాబట్టి వాట్సాప్‌లో ఎవరి నంబరుతోనో పోల్చుకుని టెన్షన్ పడకండి, మీ రిపోర్టులో రాసిన లిమిట్‌కి ఎన్ని రెట్లు ఉందో అదే చూడండి. తర్వాత కూడా ఫాలోఅప్ టెస్టులు అదే ల్యాబ్‌లో చేయించుకుంటే పోల్చుకోవడానికి బాగుంటుంది. ఈ ల్యాబ్‌కి ఐదుకి నాలుగున్నర.

అన్నిటికంటే ముఖ్యం: టెస్టు అయ్యేదాకా గోధుమలు మానొద్దు. నూటికి తొంభైమంది "మా చుట్టాలావిడ మానేస్తే తగ్గిందట" అని ముందు మానేస్తారు, కొంచెం బాగుంటుంది, అప్పుడు టెస్టుకి వెళ్తారు. గ్లూటెన్ లోపలికి పోకపోతే యాంటీబాడీలు దిగిపోతాయి, పేగు మానడం మొదలవుతుంది, టెస్టు నెగెటివ్. అప్పుడు మళ్లీ తినమంటారు, తినలేక చస్తారు. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ మార్గదర్శకాల్లో టెస్టుకి ముందు కనీసం 6 వారాలు రోజూ ఒకటికి మించి పూటల్లో గ్లూటెన్ ఉన్న తిండి తినాలని ఉంది. నాకు ఆ బాధ లేకపోయింది, చపాతీలు ధారాళంగా లోపలికి పోతూనే ఉన్నాయి కాబట్టి.

ఎండోస్కోపీ. ఇది నాకు రెండుసార్లు అయింది, రెండు ఆసుపత్రుల్లో, పేర్లు రాయను. మొదటిది సీలియాక్ అన్న మాటే ఇంకా రాని రోజుల్లో, గ్యాస్ అని చేశారు. కడుపులోంచి చిన్న ముక్క తీసి హెచ్ పైలోరీ (కడుపులో పుండ్లు తెచ్చే బ్యాక్టీరియా) ఉందా లేదా చూశారు, ఆ కింద చిన్నపేగులోంచి ముక్క తీయలేదు. "డ్యూయోడినమ్ (అంటే చిన్నపేగు మొదటి భాగం) నార్మల్" అని ఒక్క లైన్ రాసి పంపేశారు. కంటికి నార్మల్‌గా కనపడినా మైక్రోస్కోప్‌లో పాడైపోయి ఉండొచ్చు, ఈ జబ్బులో అది మామూలు. కాబట్టి మీకు ఐరన్ ఎక్కడం లేదని ఎండోస్కోపీ రాస్తే, లోపలికి వెళ్లే ముందే "డ్యూయోడినల్ బయాప్సీ తీస్తారా డాక్టరుగారూ" అని అడగండి. అడిగితే పోయేదేం లేదు.

రెండో చోట అడగక్కర్లేకుండానే తీశారు. చిన్నపేగు మొదట్లో ఉండే బల్బ్ నుంచి, దాని కింది భాగం నుంచి వేర్వేరుగా, కనీసం నాలుగైదు ముక్కలు తీయాలట, ఎందుకంటే పేగంతా ఒకేలా పాడవదు, అక్కడక్కడా మచ్చల్లా పాడవుతుంది. గొంతులో స్ప్రే కొట్టారు, చేదుగా, నాలుక మందంగా అయిపోయి మింగుడు పడదు, అదే పెద్ద చిరాకు. ముక్క తీసినట్టు మాత్రం అస్సలు తెలియలేదు. కాసేపు మత్తు కావాలంటే ఇస్తారు, దానికి వేరే బిల్లు. బయాప్సీ రిపోర్టులో మార్ష్ 3బీ అని వచ్చింది, అంటే విల్లై బాగానే అరిగిపోయాయని. డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చూపించారు, నర్సు ఇంటికెళ్లాక ఏం తినాలో చెప్పింది, బిల్లింగ్ కౌంటర్ దగ్గర మాత్రం ఇన్సూరెన్స్ వాళ్లతో గంటలు గంటలు. ఐదుకి నాలుగు, ఆ ఒక్కటీ బిల్లింగ్ వల్ల పోయింది. పిల్లల విషయంలో ఇంకో దారి ఉంది. టీటీజీ లిమిట్‌కి పది రెట్లు దాటి, వేరే శాంపిల్‌లో ఈఎంఏ అనే ఇంకో యాంటీబాడీ కూడా పాజిటివ్ వస్తే, బయాప్సీ లేకుండానే నిర్ధారించొచ్చని యూరప్ పిల్లల గ్యాస్ట్రో నిపుణులు 2020లో రాశారు. చిన్నపిల్లలున్నవాళ్లు మీ డాక్టర్‌ని దాని గురించి అడగండి.

తర్వాత పంపిన డైటీషియన్ సర్వీసు గురించి రెండు ముక్కలు చాలు. ప్రింట్ చేసి ఇచ్చిన డైట్ షీట్‌లో పొద్దున ఓట్స్, మధ్యాహ్నం మల్టీగ్రెయిన్ రోటీ, సాయంత్రం రవ్వ ఇడ్లీ. షుగర్ వాళ్ల షీట్ మీద పేరు మార్చి ఇచ్చినట్టుంది. ఓట్స్‌లో గ్లూటెన్ లేకపోయినా మామూలు ప్యాకెట్లలో గోధుమ, బార్లీ కలిసిపోతాయి, గ్లూటెన్ ఫ్రీ అని రాసినవే కొనాలి, అవీ పేగు కొంచెం మానాక. ఒకటి.

ఇక వంటిల్లు. మనది బియ్యం తినే జాతి కాబట్టి సులువే అనుకుంటాం, నిజానికి సగం సులువే. ఇడ్లీ రవ్వ బియ్యంది, ఉప్మా రవ్వ గోధుమది. ఈ ఒక్క ముక్క మా అత్తయ్యగారికి చెప్పేసరికి ఆవిడ వంటింట్లో డబ్బాలన్నీ కిందికి దించి తనే సర్దేశారు: బొంబాయి రవ్వ, గోధుమ నూక, సేమ్యా, మైదా ఒక పక్క, బియ్యప్పిండి, శెనగపిండి, సగ్గుబియ్యం, అటుకులు, రాగి, జొన్న ఇంకో పక్క. హార్లిక్స్ సీసా కూడా గోధుమ పక్కకే పోయింది, దాంట్లో గోధుమ, బార్లీ మాల్ట్ రెండూ ఉంటాయి. దాంతో మా ఆయన మొహం చూడాలి.

అసలు దొంగ ఇంగువ. రెండు చిటికెలు వేసేదే కదా అనుకుంటాం, డబ్బా వెనక్కి తిప్పి సన్న అక్షరాలు చదవండి. మనం కొనేది శుద్ధమైన ఇంగువ కాదు, జిగురుతో, పిండితో కలిపి తయారుచేసిన కాంపౌండెడ్ ఇంగువ. ఆ పిండి చాలా బ్రాండ్లలో గోధుమ పిండి లేదా మైదా. పులిహోర, చారు, సాంబారు, మాగాయ, మజ్జిగ మిరపకాయలు, అప్పడాలు, ఏది వదిలింది? సాంబారు పొడి ప్యాకెట్లలో "ఇంగువ" అని ఒక్క మాట రాసి ఊరుకుంటారు. బియ్యప్పిండితో చేసి గ్లూటెన్ ఫ్రీ అని డబ్బా మీద రాసిన ఇంగువ ఆన్‌లైన్‌లో దొరికింది, మామూలుదానికంటే రెండింతల రేటు, వాసన కొంచెం మెత్తగా ఉంటుంది, పోపులో నూనె బాగా కాగాక కాకుండా స్టవ్ ఆపేసి వేస్తే బాగా పైకొస్తుంది. నాలుగు. బేగంబజార్‌లో పొడి కలపని అసలు ముద్ద అని ఒకాయన చేతికిచ్చాడు, వాసనకి కళ్లు తిరిగాయి, కానీ దేంతో కలిపారో కాగితం లేదు, కాబట్టి కొనలేదు. నాకు వాసనతో కాదు, లేబుల్‌తో పని.

ఇంత చిన్నదానికి ఇంత గోల ఎందుకంటే, ఇటలీలో 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో రోజుకి 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు ఇస్తేనే పేగు పొరలో తేడా కనపడింది. ఒక్క చపాతీలో గ్లూటెన్ గ్రాముల్లో ఉంటుంది. అంటే చపాతీలో యాభయ్యో వంతు, వేలి గోటి మీద పట్టేంత. మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రూలు ప్రకారం గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు మించకూడదు. ఆ మాట లేబుల్ మీద ఉంటే నేను నమ్ముతున్నా. "గోధుమ లేదు", "మిల్లెట్స్‌తో చేసింది", "మైదా రహితం" లాంటివి మాత్రం నమ్మను.

మిల్లెట్ నూడుల్స్ అందుకే ఒక్క దెబ్బకి ఫెయిల్. ముందువైపు కొర్రల కంకి బొమ్మ, వెనకవైపు మొదటి పదార్థం గోధుమ పిండి. రాగి బిస్కెట్లలో మైదా ఎక్కువ, రాగి తక్కువ. 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అన్నప్పట్నుంచి ప్రతిదాని మీదా ఒక కంకి బొమ్మ వేస్తున్నారు. ఇంకోపక్క బియ్యం బస్తా మీద, ఉప్పు ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని రాసి పది రూపాయలు ఎక్కువ. ఉప్పులో గ్లూటెన్ ఎక్కడిది నాయనా.

గ్లూటెన్ లేని "ఆటా" మూడు నాలుగు కంపెనీలవి వాడా. అన్నింట్లోనూ బియ్యప్పిండి, జొన్న, మొక్కజొన్న, శెనగపిండి లాంటివి అటూ ఇటూ, సాగడానికి ఇసబ్‌గోలో గ్జాంతన్ గమ్మో కలుపుతారు, ఎందుకంటే గోధుమ పిండి సాగేదే గ్లూటెన్ వల్ల. మామూలు గోధుమ పిండికి మూడు నాలుగు రెట్ల రేటు. వేడినీళ్లతో కలిపి, మూతపెట్టి కాసేపు ఉంచి, ప్లాస్టిక్ కాగితాల మధ్య ఒత్తితే చపాతీ ఆకారం వస్తుంది. పెనం మీంచి తీసి వెంటనే తింటే పర్వాలేదు. డబ్బాలో పెట్టుకుని ఆఫీసుకి తీసుకెళ్తే మధ్యాహ్నానికి ముక్కలు ముక్కలు, కూరలో ముంచితే విరిగి గిన్నెలోనే ఉండిపోతుంది. వీటిలో ఇసబ్‌గోల్ వేసింది గ్జాంతన్ గమ్ వేసినదానికంటే నాకు నచ్చింది, గమ్ ఉన్నది నోట్లో జిగటగా అంటుకుంటుంది. ఉత్తరాది వాళ్లకి రొట్టె లేకపోతే పూట గడవదు కాబట్టి ఇదో వరమేమో, మనకి ఇంత డబ్బు పోయాల్సిన అవసరం లేదు. రెండున్నర.

ఎందుకంటే జొన్నరొట్టె ఉంది. మరిగే నీళ్లలో పిండి వేసి, చెయ్యి కాలేంత వేడి మీదే బాగా మర్దించి, అరచేత్తో తట్టి, పెనం మీద వేసి పైన తడిగుడ్డతో నీళ్లు రాయడం. మర్దించడంలోనే ఉంది మొత్తం, అది తక్కువైతే అంచులు పగులుతాయి. మా పనిమనిషిది మహబూబ్‌నగర్ వైపు, "గట్ల కాదక్కా, ఇంకా పిసుకు, ఇంకా పిసుకు" అని పక్కన నిలబడి నేర్పింది. ఇసబ్‌గోల్ లేదు, గమ్ లేదు.

అయితే జొన్నపిండి ఎక్కడ పట్టిస్తున్నారన్నదే ప్రశ్న. మా కాలనీ పిండిమర అతను మంచివాడు, రేటు న్యాయం, పిండి మెత్తగా వస్తుంది, మామూలు వాళ్లకి ఐదుకి ఐదు. కానీ అదే రాళ్ల మధ్య పొద్దున్నుంచీ గోధుమలు. నా జొన్నలు పోసేముందు ఒక గ్లాసు బియ్యం వేసి తిప్పి పడేస్తానన్నాడు పాపం. తిప్పాడు కూడా. పిండి బయటికొచ్చే గుడ్డ గొట్టం మాత్రం గోధుమ పిండితో తెల్లగా మేటకట్టి ఉంది, వేలితో తడితే రాలింది, గాల్లో కూడా ఎగురుతోంది. ఏం చెప్పినా అర్థం చేసుకున్నాడు గానీ ఆ గొట్టం మార్చలేడు కదా. చివరికి ఇంట్లో పెట్టుకునే చిన్న పిండిమర కొన్నాం. శబ్దం ఎక్కువ, పక్క ఫ్లాట్ వాళ్లు మొదట్లో వచ్చి అడిగారు. రాగులు ఒక్కసారికే మెత్తగా రావు, రెండోసారి వేయాలి. బియ్యం, జొన్న బాగా వస్తాయి. ఏడాదికి లెక్కేస్తే ప్యాకెట్ ఆటా కొనడంకంటే మిగులే. నాలుగున్నర, ఆ అర శబ్దానికి.

ఇంట్లో మిగతావాళ్లు చపాతీలు తింటూనే ఉన్నారు. పెనం వేరు, చపాతీ పీట వేరు, నూనె తీసే గరిటె వేరు, జల్లెడ వేరు. జల్లెడ కడిగితే పోదు, కన్నాల్లో ఉంటుంది, కొత్తది కొనేయండి, వంద రూపాయలకి ఆలోచించకండి.

బయట తినడం. హోటల్లో "గ్లూటెన్ పడదు" అంటే సర్వర్ "మా దగ్గర అజినోమోటో వెయ్యం మేడం" అంటాడు, ఒక్క చోట కాదు, చాలాచోట్ల ఇదే జవాబు. ఇప్పుడు గ్లూటెన్ అనే మాటే ఎత్తను. "గోధుమ పిండి, మైదా, రవ్వ, సోయాసాస్ నాకు పడవు, కొంచెం తగిలినా ఆసుపత్రే" అంటే వంటాయన దగ్గరికి వెళ్లి అడిగొస్తాడు. సోయాసాస్ ఎందుకంటే మామూలుగా దాన్ని గోధుమ కలిపే పులియబెడతారు, అందుకే ఫ్రైడ్ రైస్ బండి అంటే నాకు దండం. చికెన్ 65లో కార్న్‌ఫ్లోర్‌తో పాటు మైదా పడుతుంది చాలాచోట్ల. హలీం అంటే గోధుమలే, రంజాన్ నెలలో హైదరాబాద్‌లో ఉండి హలీం తినలేని బాధ ఇంకెవరికీ చెప్పినా అర్థం కాదు. ఉస్మానియా బిస్కెట్ లేని ఇరానీ చాయ్ సరే, అలవాటైపోయింది. బిర్యానీ చాలావరకు నాకు పడింది, కానీ పైన చల్లే వేయించిన ఉల్లిపాయ బయట కొన్నదైతే పిండి కలిపి వేయించి ఉండొచ్చు, అది అడుగుతా.

టిఫిన్ సెంటర్లలో ఇడ్లీ, అల్లం చట్నీ సులువు. సాదా దోశ అనుకుంటాం గానీ అదే పెనం మీద రవ్వ దోశ కూడా పోస్తారు. పెసరట్టు అయితే ఉప్మా లేకుండా, అదీ పెనం కడిగితేనే. గారె మినపప్పుదే, మిరపకాయ బజ్జీ శెనగపిండిదే, కానీ అదే బాండీలో పూరీలు, మైసూర్ బజ్జీలు వేగుతుంటాయి, కాబట్టి వద్దు. మా వీధి చివర ఒకావిడ పొద్దున ఒక్క ఇడ్లీయే పెడుతుంది, బండి మీద ఇంకేం ఉండదు. ఒక స్టీలు డబ్బా, ఒక చట్నీ గిన్నె, కారప్పొడి సీసా. "పోపులో ఇంగువ వేస్తావా అమ్మా?" అంటే "ఇంగువ ఏడ పెట్టేదమ్మా ఈ రేటుకి" అంది. ఐదుకి ఐదు, ఇంకో అర కూడా.

పెళ్లిళ్లలో క్యాటరింగ్ వాళ్లని పట్టుకోవడం కష్టం. అన్నం, పప్పు, పెరుగు, అరటిపండు, అంతే. బొబ్బట్లు మైదా, కాజాలు మైదా, పూర్ణం బూర్లకి పైపూత బియ్యం, మినపప్పే అయినా జిగురుకోసం మైదా కలిపేవాళ్లున్నారు. ఇంట్లో చేసిన అరిసెలు, సున్నుండలు, సకినాలు, పూతరేకులు అన్నీ హాయిగా తింటున్నా. ప్రసాదాల సంగతి చాలామంది అడుగుతారు: తిరుపతి లడ్డు శెనగపిండిది, కాబట్టి తింటున్నా. అన్నవరం ప్రసాదం గోధుమ నూకతో చేస్తారు, అది కళ్లకద్దుకుని పక్కవాళ్లకి ఇచ్చేస్తా. మా అత్తయ్యగారు మొదట్లో "ప్రసాదానికి కూడా లెక్కలేంటమ్మా" అని నొచ్చుకున్నారు, తర్వాత ఆవిడే "ఇది నూకది, నువ్వు తినకు" అని నా చేతిలోంచి తీసుకుని తినేస్తున్నారు.

ఫాలోఅప్ టెస్టుల మీద ఒక మాట. టీటీజీ ఒక్కరోజులో దిగదు, నెలలు పడుతుంది, పెద్దవాళ్లలో పేగు పూర్తిగా మానడానికి ఏడాది, రెండేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. నాది ప్రతి రిపోర్టుకీ దిగుతూ వస్తోంది, హిమోగ్లోబిన్ మొదటిసారి మాత్రలతోనే పెరిగింది. విటమిన్ డి, బీ12, థైరాయిడ్ కూడా చూశారు, ఎముకల స్కాన్ చేయించమన్నారు. రక్తసంబంధీకులకి, అంటే అమ్మానాన్న, తోబుట్టువులు, పిల్లలకి ఈ జబ్బు వచ్చే అవకాశం మామూలు వాళ్లకంటే చాలా ఎక్కువ, వాళ్లకి లక్షణాలు లేకపోయినా టెస్టు చేయించమంటారు. మా చెల్లిని పంపించా. దానికి నెగెటివ్ వచ్చింది, అయినా కొన్నేళ్లకోసారి చూసుకోమన్నారు.

ఇంకొకటి మిగిలింది, పుట్టినరోజుకి ఒక "గ్లూటెన్ ఫ్రీ బేకరీ" నుంచి తెప్పించిన కేకు. అరకిలో మామూలు కేకుకి రెండింతలు. ఇంటికి తెచ్చిన అబ్బాయిని అడిగితే అదే కిచెన్‌లో మామూలు కేకులు కూడా చేస్తారని చెప్పాడు, బేకరీకి ఫోన్ చేస్తే "ఓవెన్ వేరేనండీ, పిండి కొలిచే కప్పులు మాత్రం ఒకటే" అన్నారు. నిజాయితీగా చెప్పినందుకు ఒకటి. కేకు మా ఆయన, పిల్లలు తినేశారు, బాగుందన్నారు. నాకు మా అత్తయ్యగారు బియ్యప్పిండితో జంతికలు వేశారు.